ముఖానికి అడ్డం పెట్టిన చెయ్యి

మా జువాలజీ మేడం ఎక్కడ నడిచినా కుడిచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. చేలల్లో సాలెగూళ్లు తగిలి తెగిపోకుండా చేసుకున్న అలవాటు అది. కాలేజీ వరండాలోనూ పోలేదు. దండం పెడుతున్నారనుకుని అటెండర్లు తిరిగి దండం పెట్టేవారు.

నల్లపాడు దగ్గర మా బాబాయి మిరప చేలో ఆమెకు చక్రంలా గూడు అల్లే ఓ సాలీడు కనిపించింది. దొరికినవన్నీ ఆడవే. మగదాని మూతి దగ్గరి బుల్లి చేతులు చూస్తేగాని అది ఏ ప్రజాతిదో తేలదట. ఈలోగా బాబాయి పురుగుమందు ట్యాంకు వీపుకెత్తుకున్నాడు.

"రేప్పొద్దున దాకా ఆగండి అన్నయ్యగారూ!"

"పురుగు ఆగుద్దా మేడం?" అని విసుక్కుంటూనే దించాడు.

మర్నాడు తెల్లవారుజాము మంచులో మేడం చెయ్యి అడ్డం పెట్టుకుని సాళ్లన్నీ తిరిగారు. చివరి సాలులో, గూటి అంచున, ఆవగింజంత మగది కనిపించింది. సీసాలోకి తీసి లెన్సులో చూశారు.

"అమ్మయ్య! దీని ఇంటిపేరు తెలిసిందిరా," అన్నారు వెనకే సీసాలు మోస్తున్న నాతో.

చెయ్యి కిందికి జార్చి గట్టు వైపు నడిచారు. గట్టు మీద బాబాయి కంగారుపడ్డాడు.

"మేడం, మొహమంతా సాలెగూడు!"

"ఇవాళ్టికి ఉండనివ్వండి," అన్నారామె, తుడుచుకోకుండానే నవ్వుతూ.