టోపీకెక్కిన మూడో పాలు

స్టీమ్‌పంక్ అంటే ఏమిటని కర్నూలులో నన్ను ఇప్పటివరకు ఇద్దరే అడిగారు. ఒకరు మా ఆవిడ, ఒకరు రైల్వే పోలీసు. మా ఆవిడ అడిగింది పెళ్లయిన కొత్తలో, కాబట్టి ఓపికగా విన్నది. రైల్వే పోలీసు అడిగింది నా సంచి తెరిపించాక, కాబట్టి ఆయనకు అంత ఓపిక లేదు. సంచిలో తోలు కోటు, ఇత్తడి చక్రాలు కుట్టిన పొడుగు టోపీ, గుండ్రటి గాజుల కళ్లజోడు, పాత కాటా నుంచి పీకిన ముల్లు ఉన్నాయి. నాటకానికి పోతున్నానని చెబితే వదిలేశాడు. ఏ నాటకమని అడగలేదు, బతికిపోయాను.

ఇద్దరికీ నేను చెప్పబోయింది ఒకటే. కరెంటూ పెట్రోలూ లోకాన్ని పట్టకముందు ఆవిరి యంత్రాల కాలం ఒకటుంది కదా, అది అయిపోకుండా అలాగే సాగి ఉంటే ఎట్లా ఉండేదో ఊహించి కొందరు కథలు రాస్తారు, బొమ్మలు గీస్తారు, ఆ కాలపు బట్టలు కుట్టించుకుంటారు. ఆ కథల్లో ఆకాశం నిండా గాలినౌకలు. లెక్కలు చేసే యంత్రానికి పళ్లచక్రాలు, దొరగారి ఉత్తుత్తి చేతికి రాగి గొట్టాలు. అంతా ఇత్తడి, రాగి, తోలు. ప్లాస్టిక్ తగిలితే మైల. మా ఆవిడ అంతా విని, తాగడానికే మూడు రోజులకొకసారి నీళ్లొచ్చే ఊళ్లో ఆవిరికి నీళ్లు ఎవరు పోస్తారని అడిగింది.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఆవిరి యంత్రం ఎంత దండగమారి యంత్రమో, పెట్టిన వేడిలో ఎంత గాలికి పోతుందో పొద్దున పిల్లలకు బోర్డు మీద లెక్క కట్టి చూపించి, సాయంత్రం ఇంటికొచ్చి అదే యంత్రాన్ని ఆరాధిస్తూ కూర్చుంటాను. కథలు కూడా రాశాను. ఒక కథలో గండికోట లోయలో గాలినౌకల రేవు కట్టించాను. మంగంపేట ముగ్గురాయి శానా బరువు కాబట్టి నౌకలు తేలిపోకుండా అడుగున దాన్ని నింపించాను. ఎగువ అహోబిలానికి భక్తులను ఆవిరి తొట్టెల్లో ఎక్కించాను. వాటిని ఇంటర్నెట్లో పెడితే ఆరుగురు చదివారు. అందులో ఇద్దరు నేనే, వేరే వేరే ఫోన్ల నుంచి.

ఇందులో ఉన్న తమాషా నాకు తెలియక కాదు. ఆ పొడుగు టోపీ పెట్టుకున్న దొర మా ముత్తాత దగ్గర శిస్తు వసూలు చేసుకున్నవాడు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో వాడి టోపీ నేను నెత్తిన పెట్టుకుని, తోలు కోటు తొడుక్కుని, అద్దంలో చూసుకుని మురిసిపోతాను. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని మా ఆవిడ అంటుంది.

ఆ టోపీకి ముందువైపు, సరిగ్గా నుదుటి మీద, ఒక ఆయిల్ ఇంజను నాజిల్ ఉంది. శుద్ధాచారం పాటించే స్టీమ్‌పంక్ వాళ్లు దాన్ని ఒప్పుకోరు. అది డీజిలు కులం, ఆవిరి కులం కాదు. నాకు మాత్రం దాని నల్లటి మెడ, మెడకున్న రాగి గొట్టం, నడుము మీద ఎప్పుడో తగిలిన సుత్తి దెబ్బ తెగ నచ్చాయి. కొన పొడుచుకొస్తుందని రంపంతో కోశాను. బోల్టు బిగించడానికి నడిమధ్యలో రంధ్రం వేశాను. సుత్తి దెబ్బ అందరికీ కనిపించేలా ముందుకు తిప్పి పెట్టాను. అంత పాతదనం మనం చేత్తో తెప్పిద్దామన్నా రాదు.

ఆ నాజిల్ మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా ఊరు కోయిలకుంట్లకు ఆటోలో ముప్పావు గంట. మా తాత తవ్వించిన బావి, దాని మీద పెట్టిన ఆయిల్ ఇంజను ఆయన ముగ్గురు కొడుకులకు ఉమ్మడిగా వచ్చాయి. పెదనాన్న, మా నాన్న, చిన్నాన్న. పొలం పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు, ఇంజనును పంచలేక వంతులు పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ల కిందట ఒక ఎండాకాలం వంతు ఎవరిదన్న దగ్గర మాట పెరిగి చొక్కాలు చినిగాయి. పెద్దమనుషులు కూర్చుని చెప్పిన తీర్పు మా సీమవాళ్లకే తోచాలి. ఇంజనును మూడు పాళ్లు చేశారు. తిప్పే హ్యాండిలు పెదనాన్నకు, నూనె చిమ్మే నాజిల్ మా నాన్నకు, పంపుకు తగిలించే బెల్టు చిన్నాన్నకు. ఏ ఒక్కటి లేకపోయినా ఇంజను తిరగదు కాబట్టి ముగ్గురూ చచ్చినట్టు కలిసే ఉంటారని వాళ్ల ఆలోచన. ముగ్గురూ ఎవరి ముక్క వాళ్లు ఇంట్లో దాచుకుని, ఎవరి బోరు వాళ్లు వేయించుకున్నారు. బావి ఎండిపోయింది. మాటలు అంతకు ముందే ఎండిపోయాయి.

అయినా ఏటా ఆయుధ పూజకు మూడిళ్లలో మూడు ముక్కలకు పసుపూ కుంకుమా పడేవి. మా నాన్న నాజిల్‌ను కిరోసిన్‌తో తుడిచి పీట మీద కొడవలి పక్కన పెట్టేవాడు. చిన్నాన్న బెల్టుకు ఆముదం పట్టించేవాడట. పెదనాన్న ఒక్కడే పొలానికి పోయి ఇంజను చక్రాన్ని చేత్తో నాలుగు చుట్లు తిప్పి నిమ్మకాయ కట్టి వచ్చేవాడట. ఇవన్నీ ఊళ్లోవాళ్లు మోసుకొచ్చిన మాటలు.

మా నాన్న పోయి పదకొండేళ్లు. ఆ రోజు చిన్నాన్న వచ్చి గడపవతల కాసేపు నిలబడి పోయాడు. రెండు వీధుల అవతల ఉన్న పెదనాన్న అదీ లేదు. పాడె ఆయన వీధిలోంచే పోయింది, తలుపు తెరవలేదు. నేను దాన్ని మరిచిపోలేదు, మరిచిపోవాలని కూడా అనుకోలేదు. ఆయన ఊసెత్తితే నాకు నోరంతా చేదయ్యేది. నాన్న సామాన్లతో పాటు నాజిల్ నాకొచ్చింది. దాన్ని తీసుకుని టోపీకి బిగించుకున్నానంటే అందులో ఆ చేదు కూడా కొంత ఉంది. ఇంక ఆ ఇంజను తిరిగేదెప్పుడు, వీళ్లు కలిసేదెప్పుడు అనుకున్నాను.

టోపీ పెట్టుకుని బెంగళూరులో ఒక స్టీమ్‌పంక్ వేడుకకు పోయివచ్చాను కూడా. ఒకావిడ నుదుటి మీది యంత్రం ఏం పని చేస్తుందని అడిగితే, తుఫానులో గాలినౌకకు దారి చూపుతుందని చెప్పాను. ఆమె నమ్మినట్టు తల ఊపింది. మా లోకంలో మర్యాద అలాగే ఉంటుంది.

పోయిన కార్తీకంలో నిజం తుఫానే వచ్చింది. వారం రోజులు పట్టు వదలని వాన. తర్వాత మూడు వారాలకు పెదనాన్న ఫోన్ చేశాడు. ఆయన గొంతు ఫోన్లో వినడం నాకదే మొదలు. బావిలో మూడు మట్ల నీళ్లు నిలిచాయట, అంటే ముగ్గురు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడినా మునిగేంత. ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి బోర్లన్నీ ఆగిపోయాయట. పెదనాన్నకు, చిన్నాన్నకు పక్కపక్కనే మిరప ఉంది, కాయ పట్టే అదనులో ఒక్క తడి పడకపోతే పైరు మొత్తం పోతుంది. వానకు బిగుసుకున్న పిస్టనును పెదనాన్న పది రోజులుగా డీజిలు పోసి నానబెట్టి కదిలేలా చేశాడట. మధ్యవర్తుల చేత అడిగిస్తే చిన్నాన్న కూడా సరేనన్నాడట, కానీ ఒక షరతు మీద.

"మా నడిపన్న ముక్క వస్తేనే నా ముక్క ఇస్తానంటాండాడు. నాజిల్ ఉండాది గదా అప్పా?" అన్నాడు పెదనాన్న. నడిపన్న అంటే మా నాన్న.

ఉందన్నాను. అబద్ధం కాదు, ఫ్రిజ్ మీద టోపీకి ఉంది. కొన లేదు, నడుములో రంధ్రం ఉంది, అంతే.

ఫోన్ పెట్టేసి టోపీని కిందికి దించి చూశాను. ముప్పై ఏళ్ల తర్వాత ఇద్దరు ముసలివాళ్లు ఒక మాట మీదికి వస్తే, దాన్ని చెడగొట్టేవాణ్ణి నేనే అవుతానా అని భయమేసింది. మరునాడు కాలేజీకి సెలవు పెట్టి కర్నూలు పాత ఇనుప సామాన్ల అంగళ్లన్నీ తిరిగాను. ఒక సాయిబు కొట్టులో, ఆయన చెయ్యి పెట్టడానికి కూడా ఇష్టపడని కుప్ప అడుగున, అచ్చం అట్లాంటి నాజిల్ దొరికింది. వాడని సరుకు, కొత్తగా తళతళలాడుతోంది. కొత్త వస్తువును చూసి నేను అంతగా బాధపడింది ఎప్పుడూ లేదు.

ఇక నా విద్య బయటికి తీశాను. ఉప్పు, వెనిగరు పట్టించి మూడు రోజులు ఎండలో పెట్టి తుప్పు తెప్పించాను. ఆ తుప్పును ఉత్తి చేత్తో రుద్ది నల్లబరిచాను. దీపం మసిని ఆముదంలో కలిపి కీళ్లల్లో పట్టించాను. రాగి గొట్టానికి పచ్చటి మచ్చలు పూయించాను. పదేళ్లుగా టోపీల కోసం నేర్చుకున్నదంతా మొదటిసారి ఒక పనికొచ్చింది, అదీ సొంత పెదనాన్నను మోసం చేయడానికి. సుత్తితో కొట్టే సాహసం మాత్రం చేయలేదు, కొన జోలికీ పోలేదు, నూనె చిమ్మాలి కదా. మా ఆవిడ ఇదంతా చూసి, ఫోన్ చేసి నిజం చెబితే ఒక నిమిషం పని కదా అన్నది. ఆమెది మా వంశం కాదు.

పొలానికి పోయేసరికి ఇద్దరూ ఉన్నారు, బావికి ఆ గట్టున ఒకరు, ఈ గట్టున ఒకరు. బెల్టు ఎంత బిగువుగా ఉండాలో పెదనాన్న నాకు చెప్పాడు, చిన్నాన్నకు చెప్పమని. నిన్న మొన్న పుట్టినవాడికి చెప్పినట్టు తనకు చెప్పనక్కరలేదని చిన్నాన్న నాకు చెప్పాడు, పెదనాన్నకు చెప్పమని. వాళ్ల మధ్య పది అడుగులు కూడా లేవు. నేను అటూ ఇటూ తిరుగుతూ ఇద్దరి మాటలనూ కొంచెం కడిగి అందించాను. నాజిల్ తీసి ఇస్తే పెదనాన్న అరచేతిలో పెట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తీసుకుపోయి బిగించాడు.

హ్యాండిలు తిప్పడం డెబ్బై దాటిన మనిషి పని కాదు. పెదనాన్న మూడుసార్లు తిప్పాడు, ఇంజను మూడుసార్లు దగ్గి ఊరుకుంది. నేను పట్టుకోబోతే పక్కకు పొమ్మన్నాడు. నాలుగోసారికి చిన్నాన్న తుండుగుడ్డ గట్టు మీద పడేసి వచ్చి ఆ హ్యాండిలుకు చెయ్యేశాడు. ఇద్దరూ కలిసి తిప్పారు. ఇంజను అందుకుంది.

"వదులన్నా, చెయ్యి పట్టేస్తాది," అన్నాడు చిన్నాన్న.

ఆ మాట ఆయన నన్ను చెప్పమనలేదు. సూటిగా అన్నకే చెప్పాడు. ముప్పై ఏళ్లకు వాళ్ల మధ్య పలికిన మొదటి మాట అదే. పొగ గొట్టంలోంచి నల్లటి ముద్ద ఒకటి ఎగిరి నా చొక్కా మీద పడింది, నాకు ఎక్కడలేని సంతోషమేసింది. నీళ్లు కాలవలో పడగానే చిన్నాన్న పార తీసుకుని మడవలు కట్టి నీళ్లు మళ్లించడానికి మిరపలోకి పోయాడు.

నేనూ పెదనాన్నా బావి గట్టున కూర్చున్నాం. ఆయన నా వైపు చూడకుండానే అడిగాడు.

"నాజిల్ యాడ కొన్నావప్పా?"

మీ నాయన నాజిల్‌కు నడుము మీద సుత్తి దెబ్బ ఉండాలన్నాడు. పంపకం రోజు అది ఊడిరాకపోతే కోపంగా పెదనాన్న తనే కొట్టాడట. ఇంక దాచి లాభం లేదని అంతా చెప్పాను. టోపీ, రంపం, రంధ్రం, వెనిగరు. ఫోన్లో బెంగళూరు ఫోటో తీసి చూపించాను. ఆయన దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చాలాసేపు చూశాడు. ఇది పెట్టుకుంటే ఏమవుతుందని అడిగాడు. ఏమీ కాదన్నాను. శానా బాగుందన్నాడు. అందులో ఎగతాళి ఉందేమోనని వెతికాను, దొరకలేదు.

"మీ చిన్నాయనకు చెప్పొద్దు," అన్నాడు. "నా హ్యాండిలు గూడా పాతది కాదు. కోయిలకుంట్లలో కమ్మరితో చేపిచ్చి మసి పూసినా."

పాతదేమైందని అడిగాను. పెదనాన్న గడ్డంతో బావిలోకి చూపించాడు.

"మీ నాయన పోయిన దినం మీ ఇంటికే బయలుదేరినా. హ్యాండిలు గూడా ఎత్తుకున్నా, వాని పక్కన పెడదామని. కాళ్లు ఈడికి పట్టకొచ్చినాయి. ఇంకెవురితో తిప్పేదని దీంట్లో పారేసినా. చీకటిపడేదాకా ఈడనే ఉండినా."

పదకొండేళ్లు ఆయన్ని తిట్టుకున్నాను. మూసి ఉన్న తలుపునే చూశాను కానీ లోపల మనిషి ఉన్నాడో లేడో చూడలేదు. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను. సిగ్గుతో తల వంచుకుని కూర్చున్నాను.

ఇంజను తిరుగుతూనే ఉంది. చిన్నాన్న పార భుజాన వేసుకుని గట్టెక్కి, బావిలోకి వంగి చూసి, అప్పుడే ఒక మట్టు తగ్గిందని, మధ్యాహ్నానికి అడుగు కనపడుతుందేమోనని సంబరంగా అన్నాడు. రెండు పొలాలూ ఈ పూటే తడిసిపోతాయన్నాడు.

పెదనాన్న గబుక్కున లేచి పోయి ఇంజను ఆపేశాడు. ఈ పూటకు చాలు, రాత్రికి మళ్లీ నీళ్లు ఊరుతాయి, మిగతాది రేపు అందరం వచ్చి తడుపుకుందామన్నాడు.