పెద్దత్త తప్పిన పరీక్ష

పోయిన నెల ఒక మధ్యాహ్నం, ఎమ్మిగనూరు నుంచి ఆదోని మిల్లుకు పత్తి తోలుకొచ్చిన బండి మనిషి మా గుమ్మం ముందు ఆగి తలగుడ్డ తీశాడు. మా ఆయన బయటికి వెళ్ళాడు.

"మీ పెద్దమ్మ తెల్లారుతూనే పోయిందన్నా. నాలుగు దినాల జ్వరం. మీకు సెప్పమన్నారు."

నేను లోపల జొన్నరొట్టె తడుతున్నాను. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆమె మా అత్తగారి అక్క. మా ఆయనకు పెద్దమ్మ, నాకు పెద్దత్త. పిల్లలు లేరు, మొగుడు చిన్నతనంలోనే పోయాడు. ఎమ్మిగనూరులో చెల్లెలి ఇంట్లోనే ఉండి, పడుగులకు గంజి పెడుతూ ముసలిదయింది. మేము బస్సు దిగి వెళ్ళేసరికి మన్ను చేయడానికి అంతా సిద్ధంగా ఉంది. శవం తలాపున, నేత పని నేర్పే పనిబడి మేష్టరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వచ్చిన ప్రతి ఒక్కరితో, "గంజి పనిలో ఆమెకు సాటి లేరు," అంటున్నాడు. ఆ మాట వినగానే నాకు ఏడుపు ఆగిపోయి రోత పుట్టింది. ఆమెకు ఆ పని రాదని రెండేళ్ళ కిందట కాగితం మీద రాసి సంతకం పెట్టిన ముగ్గురిలో ఆయన ఒకడు.

పోయిన మనిషిని తలుచుకునేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. పెద్దత్త గురించి నా దగ్గర ఉన్నవన్నీ మంచి మాటలే. చేదంతా ఆమె చుట్టూ ఉన్నవాళ్ళది. అందులో కొంత నాది కూడా.

మా పుట్టిల్లు పెద్దకడుబూరు. మా తాత నాటి మగ్గం ఎప్పుడో మూలపడింది, మా నాయన సెనక్కాయ సేద్యం చేసేవాడు. అయిదు తరగతులు చదివాను గానీ, నేత ఇంటి కోడలినై వచ్చినప్పుడు పడుగేదో పేకేదో నాకు తెలియదు. దానికి తోడు సిగ్గు. ఏం అడిగినా గోడ వైపు తిరిగి జవాబు చెప్పేదాన్ని. పెద్దత్త ఒకరోజు నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"గోడకు సెప్తే గోడొచ్చి పని జేస్తాదా మే? నాకు సెప్పు."

మగ్గం ఎక్కించే ముందు పడుగు నూలును వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. గంజి తక్కువైతే నూలు నూగు లేచి తెగుతుంది. ఎక్కువైతే బిరుసెక్కి తెగుతుంది. ఎంత పట్టించాలో తెలియడమే పని. తెల్లవారక ముందే పెద్దత్త వాకిట్లోకి వచ్చి, మోచేతిదాకా నీళ్ళతో తడుపుకుని, చెయ్యి పైకెత్తి నిలబడేది. తడి ఎటువైపు ముందు ఆరిందో చూసుకుని లోపలికి వచ్చి జొన్నపిండి కొలిచేది. పడమటి పొడిగాలి ఉంటే పిండి తగ్గించి సెనగనూనె పెంచేది. మబ్బు పట్టిన రోజు నూనె సీసా దగ్గరకే పోయేది కాదు. ఆరిన పోగును కింది పెదవికి ఆనించి లాగి, సరిపోతే తల ఊపేది. పడుగు మడిచి లోపల పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు.

"గంజి పొయ్యి మీద సగమే ఉడికేది. తక్కిన సగం గాలిలో ఉడుకుతాది," అనేది. ఆమె చేతులు ఎప్పుడూ పులిసిన గంజి వాసన కొట్టేవి. దాని మీద తనే పరాచికమాడేది. "ఈ వాసనకే బెదిరి మా ఆయన తొందరగా పోయినాడు మే. లేకుంటే ఇంగా బతికేటోడే."

కర్నూలు కొత్తగా రాజధాని అయి, గుడారాల కింద ఆఫీసులు నడుస్తున్న రోజుల్లో మా వైపు పనిబడులు పెడతామని ఒక కమిటీ బయలుదేరింది. ఆదోనిలో పత్తి గింజ తీసే జిన్ను మిషన్లు, నూనె మిల్లులు, ఊరూరా వడ్రంగం, కమ్మరం, ఎమ్మిగనూరులో మగ్గాలు. ఒక్కొక్క పనిలో ఎంత వస్తే ఆ పని వచ్చినట్టో అందరికీ ఒకటే కొలత రాసి అచ్చు వేస్తారట. ఆ కొలత ప్రకారం నేర్పుతారు, పరీక్ష పెడతారు, సర్టిఫికెట్టు ఇస్తారు. అది చెడ్డ ఆలోచన అని నేను ఇప్పటికీ అనను. అందరికంటే ఎక్కువ సంతోషించింది పెద్దత్తే.

"కోసిగి పక్క జనమంతా మూటలు కట్టుకుని కూలికి దేశాలు పోతాండారు. ఈ పని నేర్పితే ఆడపిల్లోళ్ళన్నా ఇంటికాడ ఉంటారు. నేను నేర్పుతా. నాతోనే మన్నయిపోతే ఎట్లా మే?"

ఆమె తనకంటూ ఒకటి కావాలని అడగడం నేను విన్నది ఆ ఒక్కసారే.

కమిటీ వాళ్ళు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. గంజి కుండ దగ్గరికి రాగానే ఇద్దరు చేతిరుమాళ్ళు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. మూడో ఆయన పుస్తకం తెరిచి అడిగాడు.

"ఏమమ్మా, ఒక పడుగుకు పిండి ఎంత?"

"గాలి యాడ నుంచి సారూ?"

"గాలి సంగతి కాదమ్మా, పిండి సంగతి."

"పిండి సంగతే సెప్తాండాను."

వాళ్ళు మొహాలు చూసుకుని నవ్వారు. తరువాత, సరే, వ్రాతమూలకంగా ఇవ్వండి, చూస్తాం అన్నారు. పదిహేను రోజులు ఆమె ఇత్తడి లోటాతో కొలిచి చెబుతుంటే నేను రాశాను. ఏ గాలికి ఎంత పిండి, ఎంత నూనె, ఎండ ఎక్కేలోపల ఎంత దువ్వాలి, అంతా నాలుగు కాగితాలు అయింది. రాసింది రాసినట్టు మళ్ళీ చదివించుకుని తప్పులు దిద్దేది. ఒకసారి కాగితం మీద వేలు పెట్టి, "గాలి అంటే ఇదేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆ రోజంతా కాగితాల్లో ఆ మాట ఎక్కడెక్కడ ఉందో వెతుక్కుంది. ఆమెకు చదవడం వచ్చిన మాట అదొక్కటే.

ఆరు నెలలకు అచ్చు కాగితం వచ్చింది. గంజి పని కింద మూడు వరుసలు ఉన్నాయి. పిండి ఇంత, నీళ్ళు ఇంత, నూనె వాడరాదు, బట్టకు మరక పడుతుంది. ఎక్కడో సముద్రం పక్కన, ఒళ్ళంతా చెమట పట్టే ఊళ్ళో సరిపోయే చిక్కటి గంజి అది. మా గాలికి ఆ గంజి పట్టిస్తే నూలు పుల్ల అవుతుంది. మేము రాసిచ్చిన దాంట్లో ఒక్క మాట లేదు.

పనిబడిలో ఆడపిల్లలకు నేర్పే మనిషి కావాలన్నారు. పరీక్ష పాసైనవాళ్ళకే ఉద్యోగం. పెద్దత్త ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తోడుకు నా పేరూ పరీక్షకు రాయించింది. బల్ల వెనక కమిటీ వాళ్ళు ఇద్దరు, బడికి వేసిన మేష్టరు కూర్చున్నారు. ఆమెను ముందు పిలిచారు. పిండి ఎంత అని అదే ప్రశ్న. గాలి ఎటు నుంచి అని అదే జవాబు. అచ్చు కాగితంలో ఏముందో నేను ఇంట్లో ఆమెకు చదివి వినిపించాను, ఆమెకు తెలియక కాదు. "తెలిసి తెలిసి పిల్లోళ్ళకు తప్పెట్ల సెప్పేది సారూ?" అంది. ఫెయిలు అని రాశారు.

తరువాత నేను. తల ఎత్తకుండా, కాగితంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. వాళ్ళు చాలా మెచ్చుకున్నారు. తలుపు దగ్గర నిలబడి ఆమె అంతా వింటూ ఉంది.

ఇంటి దారి పట్టాం. ఆమే నవ్వి అంది.

"వాళ్ళ బల్ల కాలి కింద మన గాలి ఉండాది, సూసినావా మే?"

నేను చూడలేదు. బల్ల ఊగకుండా మడిచి పెట్టిన కాగితం మీద తనకు వచ్చిన ఒక్క మాటను ఆమె గుర్తుపట్టింది. అది నా చేతిరాత.

నేను బడికి పోనన్నాను. "నువ్వన్నా పోమ్మే. లోపల మన మనిషొకరుండల్ల," అని ఆమే పంపింది. బయటూరి మేష్టరు పైన, నేను కింద. పన్నెండు మంది ఆడపిల్లలు. ఉగాది పోయి, కైరుప్పల జాతరలో పిడకల పోరు జరిగిన వారం, వడగాలి మొదలైంది. అచ్చు కాగితం ప్రకారం గంజి పట్టించిన మొదటి పడుగు మగ్గం ఎక్కింది. జానెడు నేసేలోపల ఎండుగడ్డిలా తెగడం మొదలుపెట్టింది. మేష్టరు పిల్లల మీద పడ్డాడు. "చేతులా ఇవి, పారలా?" అన్నాడు. కుంచె పట్టిన కోసిగి పిల్లను రేపటి నుంచి రావద్దన్నాడు. ఆ పిల్ల ఇంటివాళ్ళు అప్పటికే కూలికి పోయారు. ఈ బడి కోసమే దాన్ని మేనత్త ఇంట్లో వదిలి వెళ్ళారు. తప్పు కాగితానిదని నాకు తెలుసు. తెగిన పోగులు ఏరుతూ వంచిన తల ఎత్తలేదు.

ఇంటికి వెళ్ళి పెద్దత్తతో చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఆమె నూనె గిన్నె కొంగు కింద పెట్టుకుని బడికి వచ్చింది. అరచేతుల్లో నూనె వెచ్చబెట్టి, మూరెడు మూరెడు పడుగంతా తుడిచింది. తెగిన పోగులన్నీ ఒక్కొక్కటే ముడి వేసింది. రెండు రోజులు పట్టింది. మేష్టరు చూడలేదని కాదు. చూసి, "తలుపు వేసి చేసుకోండి," అన్నాడు.

పడుగు నిలిచింది. చీర దిగింది. కమిటీ వాళ్ళు వచ్చి ఆ చీరను తట్టి చూశారు, చెంపకు ఆనించుకుని చూశారు. తాము రాసిన కొలత చక్కగా పనిచేస్తోందని పుస్తకంలో రాసుకున్నారు. మేష్టరు వినయంగా వంగి నిలబడ్డాడు. పిల్లలంతా నా వైపు చూశారు. నేను నేల చూశాను. అప్పుడు పెద్దత్త ఎక్కడుందో తెలుసా? సర్టిఫికెట్టు లేని మనిషి బడిలో కనిపించకూడదని, నూలు మూటలు వేసే కొట్టంలో ఆమెను పెట్టి మేష్టరు బయట గొళ్ళెం వేశాడు. దొరలు పోయాక నేను గొళ్ళెం తీశాను. చెమటకు ఒళ్ళంతా నూలు పీచు అంటుకుని కూర్చుని ఉంది.

"ఆ కోసిగి పిల్లను ఉంచినారా?"

"ఉంచినారు పెద్దత్తా."

"సాలు పో," అని లేచి కొంగు దులుపుకుంది.

ఆ చీర సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు అన్నం సయించదు. తరువాత మా ఆయనకు ఆదోని మిల్లులో పని దొరికి మేము వచ్చేశాం. నేను వచ్చేశాక కూడా వడగాలి రోజుల్లో ఆమె కొంగు కింద గిన్నెతో వెళ్ళి వస్తూనే ఉందని విన్నాను.

దినకర్మ అయిన మర్నాడు బడిలో సభ పెట్టారు. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. మేష్టరు తీర్మానం చదివాడు. కీర్తిశేషురాలు ఈ బడి కొలతలను తుచ తప్పకుండా పాటించి అందరికీ ఆదర్శంగా నిలిచిందని అందులో ఉంది. దాన్ని కర్నూలుకు పంపుతారట. సర్టిఫికెట్టు ఉన్న బంధువును కాబట్టి మొదటి సంతకం నాదట. మూత తీసి కలం నా చేతికి ఇవ్వబోయాడు.

నేను లేచి నిలబడ్డాను.

"ఆమె మీ కాగితం ప్రకారం ఒక్క దినం గూడా పని జేయలేదు సారూ. మీ కాగితం ప్రకారం జేసిన పడుగు తెగిపాయ. తలుపేసుకుని నూనె రాయించుకున్నది మీరే. కొట్టంలో పెట్టి గొళ్ళెం ఏసింది మీరే."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా. పోయిన మనిషి."

"పోయిన మనిషి గురించే సెప్తాండాను. ఆమెను ఫెయిలు చేసినామని రాయండి. ఆమె గంజితోనే ఈ బడి నిలిచిందని రాయండి. తప్పని తెలిసి గూడా మీ కాగితం అప్పజెప్పిన నన్ను పాసు చేసినామని రాయండి. అప్పుడు పెడతా సంతకం."

మేష్టరు కలాన్ని నా పక్కన కూర్చున్న కోసిగి పిల్ల వైపు తిప్పాడు. ఆ పిల్ల చేతులు ఒళ్ళో దాచుకుంది. దాని పక్క పిల్ల వైపు తిప్పాడు. ఆ పిల్లా అంతే. అట్లా వరుస చివరిదాకా పోయి, ఆయన చెయ్యి అక్కడే ఆగింది. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. చాచిన ఆ చేతిలో, మూత లేని కలం పాళీ మీద సిరా ఆరిపోతూ ఉంది.