ఊ కొట్టే ఉద్యోగం

మామయ్యది ఊ కొట్టే ఉద్యోగం. జీతం లేదు, సెలవులు లేవు, కుర్చీ మాత్రం ఉంది. కోడలి పని బల్ల పక్కన, కిటికీ వైపు, చేతుల్లేని పాత కుర్చీ. అందులో కూర్చుని, ఆవిడ కంప్యూటర్ వైపు చూస్తూ చెప్పుకుపోయేదంతా వింటూ, ఆవిడ ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా "ఊఁ" అనాలి. అంతే పని.

అంతకుముందు ఆయన దర్జీ. చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించడానికి పక్క కొట్టువాళ్లని పిలవాల్సి వచ్చాక దుకాణం మూసేసి కుట్టుమిషను ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంట్లో ఉండేది ముగ్గురు. కొడుకు ఆసుపత్రిలో నర్సు, పొద్దున్నే వెళ్లిపోతాడు. కోడలు ఇంట్లోంచే పని చేసే సాఫ్ట్‌వేర్ మనిషి, తలుపు దగ్గరికి వేసుకుని కూర్చుంటుంది. మిగిలిన మామయ్య చదివిన పేపరే మళ్లీ చదివేవాడు. ప్రకటనలతో సహా.

ఒకరోజు టీ ఇవ్వడానికి కోడలి గదిలోకి వెళ్లాడు. ఆవిడ తెర వైపే చూస్తూ, "ఇక్కడిదాకా బాగానే వచ్చింది. ఇక్కణ్ణించి లెక్క ఎందుకు మారుతోంది?" అంది. తనతోనే అంటోందనుకుని మామయ్య "ఊఁ" అన్నాడు.

"ముందు తేదీ చూస్తోంది. తర్వాత ఊరు చూస్తోంది."

"ఊఁ."

"ఊరు చూడకముందే మొత్తం కూడేసి... అయ్యో!" కోడలు నుదురు కొట్టుకుంది. "దొరికింది మామయ్యా!"

ఏం దొరికిందో ఆయనకు ఈనాటికీ తెలియదు. పద్ధతి మాత్రం కొత్త కాదు. చొక్కా ఎలా కావాలో తెలియకుండా దుకాణానికి వచ్చే మనుషులు ఎంతమందో. ఊరికే ఊ కొడుతూ ఉంటే, కాలరు దగ్గర మొదలుపెట్టి జేబు దగ్గరికి వచ్చేసరికి వాళ్లే తేల్చుకునేవాళ్లు. మధ్యలో సలహా ఇస్తే వ్యవహారం చెడేది. మర్నాడు కోడలు తనే పిలిచింది. ఆ మర్నాడు కుర్చీ వేసింది.

ఉద్యోగంతో పాటు ఆయనకు స్నేహితులు కూడా దొరికారు. పని మొదలుపెట్టే ముందు కోడలి జట్టంతా తెర మీద కలుసుకుంటుంది. జట్టంటే కోడలు, వాళ్ల బాసు మేడమ్, ఇంకొక అబ్బాయి. చెవిలో చెప్పాల్సిన మాట కూడా వీధికి వినిపించేలా చెబుతాడు కాబట్టి అతన్ని లౌడ్‌స్పీకర్ అంటారు. ఆ రోజుకి వచ్చిన టెక్నాలజీ వార్తల్లో ఏదో ఒకదాన్ని ఉతికి ఆరేస్తే గానీ వాళ్లు పనిలోకి దిగరు. మామయ్య కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంటాడు.

"మామయ్యా, విన్నారా? మూడు మడతల ఫోను వచ్చిందట" అన్నాడు ఒకరోజు లౌడ్‌స్పీకర్.

"మడత దగ్గర అరిగిపోదూ? లోపల అస్తరు వేశారా?"

"అది వార్తలో రాయలేదు మామయ్యా."

"అసలు సంగతి వదిలేశారన్నమాట. మడిస్తే ఎంత మందం?"

లౌడ్‌స్పీకర్ వేళ్లతో చూపించాడు.

"అయితే ముందు జేబులు వెడల్పు చెయ్యాలి. ఆ మాట దర్జీలకి ఎవరైనా చెప్పారా?"

"పాలు అయిపోతే ఫ్రిజ్జే చెబుతుందట, అది చదివారా?" అంది బాసు నవ్వాపుకుంటూ.

"మా ఆవిడ రోజూ చెబుతోంది మేడమ్. ఏ పేపరువాడూ వెయ్యలేదు" అన్నాడు లౌడ్‌స్పీకర్.

అతని వెనక ఎక్కడో వంటింట్లోంచి ఒక గొంతు, "చెప్పినరోజు ఏనాడైనా తెచ్చావా?" అంది.

అందరూ పగలబడి నవ్వారు. లౌడ్‌స్పీకర్ మాట మార్చడానికి ఇంకో వార్త అందుకున్నాడు. "ఇది వినండి. మనం చెప్పేదంతా విని, తప్పు ఎక్కడుందో చెప్పే యంత్రం వచ్చిందట. గొంతు కూడా ఉందట. మామయ్యా, మీ ఉద్యోగానికి ఎసరు!"

"దానికి టీ ఎవరిస్తారు?"

"తాగదు మామయ్యా."

"నిద్ర?"

"పోదు."

"ఈయన పోతారు" అంది కోడలు. "మొన్న నిద్రలో కూడా ఊ కొట్టారు. అనుమానం వచ్చి 'మామయ్యా, ఇల్లు తగలబడుతోంది' అన్నాను. ఊఁ అన్నారు."

"అనుభవం అంటే అదే తల్లీ" అన్నాడు మామయ్య.

నవ్వులు ఆగాక బాసు, "హాస్యం కాదు, వచ్చే వారం మనకీ ఇస్తున్నారు దాన్ని" అంది. మామయ్య ముఖం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

యంత్రం వచ్చింది. కోడలు అడగడమే ఆలస్యం, "చాలా మంచి ప్రశ్న!" అని మొదలుపెట్టేది. రెండో ప్రశ్న కూడా మంచిదే. పదోదీ మంచిదే. ఇంత మంచి ప్రశ్నలు అడిగే కోడలు తనకు ఉన్నందుకు సంతోషించాలో, ఆవిడ ఊపిరి పీల్చుకునేలోగా అది మాట్లాడేస్తున్నందుకు బాధపడాలో ఆయనకు తేలలేదు. పని మాత్రం నిజంగానే తొందరగా అయిపోతోంది. సాయంత్రం దాకా సాగేది మధ్యాహ్నానికే తెమిలిపోతోంది. దాన్ని తిట్టుకోవడానికి కూడా ఆయనకు సాకు దొరకలేదు.

పొద్దుటి కబుర్లకి పిలుస్తూనే ఉన్నారు. అవి కాగానే ఆయన లేచి వచ్చేసేవాడు. ఒకరోజు టీ ఇవ్వడానికి వెళ్తే కుర్చీ మీద ఉతికిన బట్టల మడతలు ఉన్నాయి. కోడలు కావాలని పెట్టింది కాదు, కుర్చీ ఖాళీగా ఉంది కాబట్టి పెట్టింది. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ మధ్యాహ్నం కుట్టుమిషను మీది దుప్పటి తీశాడు. ఆఫీసుకి వెళ్లే రోజున కోడలు ల్యాప్‌టాప్‌ని పాత తువ్వాలులో చుట్టి తీసుకెళ్తుంది. దానికి మందపాటి గుడ్డతో, లోపల మెత్తటి అస్తరుతో ఒక సంచి కుట్టాలనుకున్నాడు. "నా కుర్చీ లాక్కున్నదానికి నేనే చొక్కా కుడుతున్నాను" అని తనలో తను నవ్వుకున్నాడు. మర్నాడు పొద్దున కొడుకు ఆసుపత్రికి వెళ్లే ముందు సూదిలో దారం ఎక్కించి పెట్టాడు.

సంచి కుదరలేదు. పైగుడ్డ చక్కగా ఉంది, లోపల అస్తరు మాత్రం ముడతలు పడి ఉబ్బింది. విప్పి మళ్లీ కుట్టాడు. మళ్లీ అంతే. కోడలు వంటింట్లో ఉన్నప్పుడు గదిలోకి వెళ్లి, ఎవరూ చూడట్లేదని నిర్ధారించుకుని, యంత్రాన్నే అడిగాడు.

"చాలా మంచి ప్రశ్న! అస్తరు ముడతలు పడటానికి పలు కారణాలు ఉండవచ్చు" అని అది దారంతో మొదలుపెట్టి, సూదిమీదుగా, గుడ్డ నేత దాకా వెళ్లింది. అందులో సరైనది ఉండే ఉంటుంది. అక్కడిదాకా వినే ఓపిక ఆయనకు లేకపోయింది. తన పని గురించి తనకే పాఠం చెబుతుంటే ఎవరు కూర్చుంటారు?

సాయంత్రం కాకముందే, పని ముగించానంటూ కోడలు వచ్చి ఆయన గదిలో నేల మీద చతికిలబడింది.

"ఏంటి మామయ్యా, పొద్దుటి నుంచి ఒకటే మిషను చప్పుడు?"

"నీ డబ్బాకి సంచి. ఎంతకీ లొంగట్లేదు."

"చెప్పండి, ఏమైంది?"

"నీకేం తెలుసు కుట్టుపని?"

"ఏమీ తెలియదు. మీకు నా పని తెలుసా ఏంటి? చెప్పండి."

మామయ్య కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ముందు ల్యాప్‌టాప్‌ని కాగితం మీద పెట్టి కొలత గీశాను."

"ఊఁ."

"కుట్లకి చోటు వదిలి పైగుడ్డ కోశాను."

"ఊఁ."

"అదే కాగితం అస్తరు మీద కూడా పెట్టి..." ఆయన ఆగాడు. అస్తరు లోపల కూర్చోవాలంటే పైగుడ్డ కంటే రవ్వంత చిన్నదిగా ఉండాలి. పని నేర్చుకున్న మొదట్లోనే గురువు నెత్తి మీద మొట్టి చెప్పిన మాట. ఏ ఉక్రోషంలో కోశాడో, రెండూ ఒకే కొలతకి కోసి కూర్చున్నాడు.

"దొరికింది!" అని నుదురు కొట్టుకున్నాడు. నుదుటి మీద అద్దాలు ఉన్న సంగతి మరిచిపోయి కొట్టుకోవడంతో అవి ఎగిరి కోడలి ఒడిలో పడ్డాయి.

కోడలు నవ్వీ నవ్వీ గోడకు చేరగిలబడింది. కళ్లు తుడుచుకుంటూ, "ఊ కొట్టడం ఇంత హాయిగా ఉంటుందని ఇన్నాళ్లూ చెప్పలేదేం మామయ్యా? అంతా మీరే అనుభవిస్తున్నారన్నమాట" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ ఒకటి ఇరుక్కుంది. పని ముగించానన్నది ఉత్తిదే. అది సమాధానాలు ఇస్తూనే ఉంది. అసలు నేను అడగాల్సింది ఏంటో నాకే తెలియట్లేదు" అంది.

"నన్ను పిలవొచ్చుగా?"

"మీరే కదా, కబుర్లు కాగానే లేచి వెళ్లిపోతున్నారు! విసుగొచ్చిందేమో, పెద్దాయన్ని ఇన్నాళ్లూ కట్టిపడేశానేమో అనుకున్నాను."

మామయ్య సంచి, చిన్న కత్తెర తీసుకుని కోడలి గదిలోకి నడిచాడు. ఆవిడ ఆయన కంటే ముందు పరుగెత్తి, కుర్చీ మీది బట్టలన్నీ ఎత్తి మంచం మీద పడేసింది. కిటికీ వెలుగులో కూర్చుని ఆయన అస్తరు కుట్లు ఒక్కొక్కటే విప్పసాగాడు. కోడలు తెర వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది.

"ఊఁ. ఊఁ."

కోడలు అనుమానంగా ఆగింది. తల తిప్పకుండానే, "మామయ్యా, ఇల్లు తగలబడుతోంది" అంది.

"తగలబడనీ. ఈ కుట్టు విప్పాక చూద్దాం" అన్నాడు మామయ్య. "నువ్వు చెప్పు తల్లీ, తర్వాత?"