తెప్ప మీద నిలబడటం

నా భార్య జ్వరంతో పోయిన మూడో నెలలో మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. కాపురం అనకాపల్లిలో, ఉద్యోగం శారదా నది సముద్రంలో కలిసేచోట ఉన్న పల్లెలో. బడి వదిలాక ఇంటికి వెళ్ళబుద్ధయ్యేది కాదు. ఆఖరి బస్సు వచ్చేదాకా ఏటి ఒడ్డున కూర్చునేవాణ్ణి. ఏడుపు కూడా వచ్చేది కాదు. ఆదివారం చర్చిలో పాటకి పెదవులు కదిపేవాణ్ణి, అంతే.

ఒకరోజు నా దగ్గర చదివే పిల్ల తండ్రి, చేపలు పట్టే మనిషి, వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"రోజూ నీళ్ళకేసి సూత్తా ఇలాగ కూకుంటే మా ఆడోళ్ళకి బయమేత్తందండి మేస్టారూ. దిగాలనుంటే నాతో దిగండి."

అతని అనుమానం అర్థమయ్యాక కూడా నాకు సిగ్గేయలేదు. కాదనే ఓపిక లేక వెంట వెళ్ళాను.

"ఈతొచ్చాండి?"

"చిన్నప్పుడు బావిలో నేర్చుకున్నాను."

అతని తెప్ప అంటే నాలుగు దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్ళతో బిగించినదే. ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, చేతికి తెడ్డు ఇచ్చాడు. రెండు రోజులు అలాగే తిప్పాడు. మూడో రోజు లేవమన్నాడు. లేచాను, పడ్డాను. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయాయి. ఎవరో పడితే చూస్తున్నట్టే ఉంది నాకు.

"కాళ్ళకేసి సూడకండి! ఎదరకి సూడండి. మోకాళ్ళు బిగబట్టీకండి. తెడ్డు నీళ్ళల్లో ఉంటే అదే మిమ్మల్ని పడకుండా ఆపుద్ది."

ఎన్నిసార్లు పడ్డానో గుర్తులేదు. అతను విసుక్కోలేదు. నడుము లోతు నీళ్ళలో తెప్ప అంచు పట్టుకుని పక్కనే నడిచాడు. ఒకసారి తిరిగి చూస్తే వెనకాల ఎక్కడో ఉన్నాడు, చేతులు పైకెత్తి అరుస్తున్నాడు. తెప్ప మీద నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను.

ఒడ్డుకి వచ్చాక అడిగాడు, "ఎలాగుందండి?"

"బాగుంది," అన్నాను. అబద్ధం. నాకేమీ అనిపించలేదు. అతని మొహంలో ఉన్న సంతోషం చూసి అలా అన్నాను.

మర్నాడు పొద్దున్న మంచం దిగబోతే పిక్కలు పట్టేశాయి. "అమ్మా" అని పైకే అన్నాను. మూడు నెలల్లో నా ఒంటికి ఏదైనా తెలియడం అదే మొదలు. కుంటుకుంటూ బస్సెక్కాను. సాయంత్రం అతను పిలవకముందే ఏటికి వెళ్ళాను.