టీవీ ఆపితే చాలన్నాను

ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్ళు: ఎండుచేపలు ఏరే ఆడవాళ్ళు ఏడుగురు, వాళ్ళకి పెద్దదిక్కుగా ఉండే పెద్దమ్మ, షెడ్డు యజమాని, నేను. ఉన్న వస్తువులు: నెత్తళ్ళనే సన్న చేపల గోనెలు ముప్పై రెండు, ఒక కాటా, గోడలకి నాలుగు కెమెరాలు, యజమాని బల్ల మీద పాత టీవీ, బల్ల కింద తాళం వేసిన చెక్కపెట్టెలో రికార్డర్, నా సంచిలో కొత్త రౌటర్.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. షెడ్డులో అందరూ అలాగే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, కంచరపాలెంలో ఒక గది తీసుకుని, కెమెరాలు బిగించే పని చేసుకుంటున్నాను. చేపల రేవు వెనకున్న ఆ షెడ్డులో కెమెరాలు పెట్టింది కూడా నేనే, అంతకు ఎనిమిది నెలల ముందు. కాటా దగ్గర గోనెలు మారిపోతున్నాయని యజమానికి అప్పట్లో అనుమానం.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎండుచేపల వాసన చీరకి పడితే ఒక పట్టాన వదలదు. ఆ చీరతో బస్సెక్కితే పక్క సీట్లో వాళ్ళు లేచి వెళ్ళిపోతారు. అందుకని పని చీర వేరు, ఇంటి చీర వేరు. సాయంత్రం ఐదింటికి పని ఆపి, తొట్టి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, గోనెల వెనక మూలలో చీరలు మార్చుకుంటారు. ఐదు కొట్టకముందే యజమాని లేచి గేటు బయటికి వెళ్ళి నిలబడతాడు. వెళ్ళమని ఎవరూ చెప్పరు. షెడ్డు పెట్టినప్పటినుంచీ అంతేనట.

మూడో కెమెరాలో ఆ మూల కనపడుతుందని బిగించిన రోజే నాకు తెలుసు. దాన్ని పక్కకి తిప్పితే బొమ్మలో కాటా సగం తెగిపోతుంది. ఆ రోజు పెద్దమ్మ టీవీ ముందుకొచ్చి నిలబడి చాలాసేపు చూసింది.

“ఏటి బాబూ, ఇందల మేమూ కనపడతామేటి?”

“కనపడతారు పెద్దమ్మా. ఐదయ్యాక టీవీ ఆపీండి. మరెవులికీ కనపడదు.”

“ఆపేత్తే సాలేటి?”

“సాలు.”

“సదువుకున్నోడివి. నువ్వు సాలంటే సాలు.”

టీవీ ఆపినా రికార్డర్ ఆగదు, కెమెరాలో పడ్డదంతా దాస్తూనే ఉంటుంది. ఆ సంగతి ఆమెకి చెప్పాలంటే పావుగంట పడుతుంది, విన్నాక వాళ్ళు ఒప్పుకోరు. పెట్టెకి తాళం ఉంది, యజమాని మంచివాడు, వెనక్కి తిప్పి చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి నేనన్నది దాదాపు నిజమేననుకున్నాను. ఆ రోజునుంచి ఐదవగానే పెద్దమ్మ టీవీ ఆపడం మొదలుపెట్టింది. రిమోట్‌ని నమ్మేది కాదు. ప్లగ్గు పీకి చేతిలో పట్టుకుని, ఏడుగురూ చీరలు మార్చుకునేదాకా అలాగే నిలబడేది. తను ఆఖరున మార్చుకునేది.

ఎనిమిది నెలల తరవాత యజమానికి మోకాలి ఆపరేషన్ అన్నారు. రెండు నెలలు పెందుర్తిలో ఇంటి దగ్గరే ఉండాలి. ఫోన్లో షెడ్డు కనపడేట్టు చెయ్యమన్నాడు. షెడ్డులో అప్పటిదాకా ఇంటర్నెట్టు లేదు, అందుకే ఆ రోజు కొత్త రౌటర్ తెచ్చాను.

పని పద్ధతిగానే చేశాను. రికార్డర్‌కి మారని అడ్రసు ఇచ్చాను. రౌటర్‌లో బయటినుంచి ఆ ఒక్క రికార్డర్‌కి మాత్రమే దారి తెరిచాను. కంపెనీవాళ్ళు పెట్టిన పాస్‌వర్డ్ తీసేసి పద్నాలుగు అక్షరాలది పెట్టాను. యజమాని ఫోన్లో యాప్ వేసి, వాడటం రెండుసార్లు చేయించి చూపించాను. ఏదైనా ఆగిపోతే దూరంనుంచే సరిచేయొచ్చని నా ఫోన్లో కూడా ఉంచుకున్నాను. నోటుబుక్కులో పదకొండు పనులు, పదకొండు టిక్కులు. పెద్దమ్మకి చెప్పడం అందులో లేదు. మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. టీవీ ఆపితే ఇక చాలదని చెప్పాలంటే, అంతకుముందు మాత్రం చాలిందా అని ఆమె అడుగుతుంది. నేను సామాన్లు సర్దుకుంటుంటే ఆమె నాకు టీ తెప్పించింది. తాగి వచ్చేశాను.

నాలుగు రోజుల తరవాత, సాయంత్రం, కంచరపాలెం రైలు గేటు దగ్గర టీ కొట్టులో నలుగురం కూర్చున్నాం. నేను, నా స్నేహితుడు ఒకడు, వాడితో వచ్చిన ఇద్దరు. ముగ్గురూ అచ్యుతాపురంలో ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. స్నేహితుడూ నేనూ బావా అంటే బావా అనుకుంటాం.

“మా కంపెనీల ఇరవై కెమెరాలున్నాయి. సెక్యూరిటీ రూముల కూకుంటేగానీ కనపడవు. నువ్వు ఇక్కణ్ణుంచి రేవు సూపిత్తావేటి? కోతలు కొయ్యకు బావా,” అన్నాడు వాడు.

“సూపిత్తే?”

“సూపిత్తే రేపట్నుంచి నిన్ను ఇంజినీరుగోరూ అంటాను.”

యాప్ తెరిచాను. గేటు, షెడ్డు ముందుభాగం రెండూ స్పష్టంగా వచ్చాయి. మూడో కెమెరా నొక్కి ఫోను మిగతా ఇద్దరి చేతికిచ్చాను. వాళ్ళు చూస్తుంటే నేను బావ వైపు తిరిగి, రౌటర్ అంటే ఏమిటో, దారి తెరవడం అంటే ఏమిటో, మామూలువాళ్ళు ఎక్కడ పొరపాటు చేస్తారో చెప్పడం మొదలుపెట్టాను. బాగా చెప్తున్నాననుకున్నాను. ఆ ఇద్దరూ మాట్లాడటం మానేశారని గమనించలేదు. బావే గమనించాడు. వంగి ఫోన్లోకి చూశాడు.

“ఓరి బావా, ఏటిది?”

అప్పుడు చూశాను. పెద్దమ్మ బల్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో ప్లగ్గు ఉంది. టీవీ నల్లగా ఉంది. ఆమె వెనక మూలలో మిగతావాళ్ళు ఉన్నారు.

ఫోను లాక్కుని బల్ల మీద బోర్లించాను. టైము ఐదూ ఎనిమిది.

“ఇంజినీరుగోరూ, రేపు ఆట ఎన్ని గంటలకండీ?” అన్నాడు ఆ ఇద్దరిలో ఒకడు.

బావ వాణ్ణి ముఖం మీదే తిట్టాడు. తరవాత నా వైపు తిరిగి, “మా యమ్మ కూడా రేవుల పనిసేసే మమ్మల్ని పెంచింది,” అని లేచి వెళ్ళిపోయాడు. నేను ఆ జోకుకి నవ్వినట్టు కూడా గుర్తు, పెదాలతో మాత్రం.

ఆ జోకు వేసినవాడి ఇల్లూ షెడ్డులో పనిచేసే ఒకామె ఇల్లూ ఒకే వీధి, మాట ఆమె దాకా వెళ్ళింది. మూడో రోజు పొద్దున్నే యజమాని ఫోను.

“ఆడోళ్ళు గేటు బయట కూకున్నారంట బాబూ. నోపలికి రామంటన్నారంట. నువ్వు ఎల్లి సూడు. నాను కదల్లేను.”

వెళ్ళాను. గేటు పక్కన గోడ నీడలో ఏడుగురూ వరసగా కూర్చున్నారు. పెద్దమ్మ వాళ్ళకి కాస్త దూరంగా, ఒక్కతే కూర్చుంది. ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు. ఆమెని దాటి లోపలికి వెళ్ళి ముందు రికార్డర్ లాగ్ తెరిచాను. ఏ ఫోను ఏ కెమెరాని ఎప్పుడు తెరిచిందో, ఎప్పుడు మూసిందో అందులో ఉంటుంది. యజమాని కూడా ఐదు దాటాక ఒక్కసారైనా తెరిచి ఉండాలని కోరుకున్నాను. ఆయన ఏ రోజూ నాలుగున్నర దాటాక తెరవలేదు. ఇంట్లో మంచం మీద ఉండి కూడా ఆయన గేటు బయటికి వెళ్ళి నిలబడినట్టే ఉన్నాడు. ఐదు దాటాక ఉన్నది ఒకే ఒక్క ఫోను, నాది.

మూడో కెమెరా ఊడదీశాను. నా ఫోన్లో యాప్ తీసేశాను. రికార్డర్‌లో ఆ కెమెరా పాత రికార్డింగులన్నీ చెరిపాను. బయటికి వచ్చి కెమెరా చేత్తో పట్టుకుని పెద్దమ్మ ముందు నిలబడ్డాను.

“టీవీ ఆపితే సాలన్నావు కదా బాబూ,” అంది.

“అప్పుడు ఇంటర్నెట్టు నేదు పెద్దమ్మా. రౌటర్ పెట్టాక...”

“అయ్యన్నీ నాకు తెల్దు. ఈళ్ళకి సెప్పింది నాను. నా సేతిల ప్లగ్గున్నాది, మీకేటి బయం అని రోజూ సెప్పినాను. ఇప్పుడు నా మాట ఎవులింటారు?”

వరసలోంచి ఒకామె గట్టిగా అంది: “అడగవే పెద్దమ్మా, ఎంతమందికి సూపించాడో అడుగు.”

“నాతో కలిపి నలుగురం,” అన్నాను.

“ఎంతసేపు?” అని పెద్దమ్మ అడిగింది.

లాగ్ అంతకు ముందే చూసి వచ్చాను. అంకె నా తలలో ఉంది.

“ఒక్క సెకను పెద్దమ్మా. ఎంటనే తిప్పీసినాను.”

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. తరవాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, వాళ్ళ వైపు తిరిగింది.

“ఒక్క సెకనంటమ్మా. అబద్దమాడే పిల్లడు కాడు. లెండి, ఎండెక్కుతన్నాది.”

ఒకరి తరవాత ఒకరు లేచారు. ఆమె చెప్పిందని లోపలికి వెళ్ళారు.

మూడో కెమెరా, నా ఫోను: ఒక నిమిషం నలభై రెండు సెకన్లు.