నాలుగు మైకుల నూకరాజు

జాలరిపేట ఒడ్డున నేను చేసిన ఘనకార్యం వింటే మీరు నన్నిక రేడియో మీటనైనా ముట్టుకోనివ్వరు. అయినా చెప్పేస్తాను, కడుపులో దాచుకుని ఏం లాభం?

ఎనభైల మొదట్లో నేను వన్ టౌన్‌లో మస్తాన్ భాయ్ మైకుసెట్ల షాపులో మెకానిక్‌ని. నాలుగు వైర్లు అతికించడం రాగానే సంగీతం కూడా వచ్చేసిందనుకున్నాను. ఏదో పాత పత్రికలో చదివాను, విదేశాల్లో జనాన్ని మధ్యలో కూర్చోబెట్టి, టేపులో పట్టిన మనిషి గొంతును నాలుగు మూలల నుంచీ వినిపిస్తారట. ఏది ఎప్పుడు మోగాలో యంత్రమే లెక్క వేసి తేలుస్తుందట. మన దగ్గర యంత్రమెక్కడిది? మా అమ్మమ్మ గవ్వలు నాలుగు కొట్టేశాను. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే ఆ నంబరు మైకు మోగాలి. అన్నీ బోర్లా పడితే నాలుగూ ఒకేసారి మోగాలి. నవ్వకండి, అప్పట్లో ఇది మహా గణితం!

గొంతు నూకరాజుది. పేటలో పెద్దవల లాగించేది అతనే. పడవ వెళ్ళి సముద్రంలో వల చుట్టి వస్తే, చెరో తాడూ పట్టుకుని రెండు జట్లు ఒడ్డు నుంచి లాగుతాయి. అతను "లాగండ్రా" అంటే రెండూ కలిసి లాగాలి, "ఆగండ్రా" అంటే కలిసి ఆగాలి. ఒక జట్టు ముందుకుపోతే వల వంకర తిరిగి చేపలు జారిపోతాయి.

ఆ కేకలు టేపు చేస్తుంటే అడిగాడు: "నా అరుపుతో ఏటి సేత్తన్నావ్ బావా?"

"సంగీతం బావా. నాలుగు పక్కలనించీ నీ గొంతే వస్తాది."

"ఒక్క నోటితో అరిస్తేనే ఈళ్ళు ఇనరు. నాలుగు నోళ్ళేటికి?"

అక్కడే ఆగిపోవాల్సింది. ఆగితే నేనెందుకవుతాను! అలల చప్పుడు కూడా కలవాలని ఒకరోజు పొద్దున్నే బ్యాటరీతో సహా ఒడ్డుకి దిగి, నాలుగు మూలలా మైకులు కట్టి, ఒక్కోదానికీ ఒక్కో టేపు తగిలించాను. పేటకి వారం రోజులుగా చేప లేదు. ఆ పూటే కవ్వళ్ళ చేపల గుంపు కనబడిందని వల వేశారు. బుట్టలతో ఆడవాళ్ళూ వచ్చేశారు. అందరి పొయ్యీ ఆ వలమీదే ఆధారపడి ఉంది. నాకు మాత్రం నా గవ్వలే కనబడ్డాయి.

మధ్యలో కూర్చుని వేశాను. రెండు! దక్షిణం మైకు "లాగండ్రా" అంది. ఆ పక్క జట్టు లాగింది. మళ్ళీ వేశాను. మూడు! ఉత్తరం మైకు "ఆగండ్రా" అంది. ఈ పక్క జట్టు ఆగింది. తరవాత నాలుగూ బోర్లా పడ్డాయి.

"లాగండ్రా! ఆగండ్రా! ఆగండ్రా! లాగండ్రా!"

"నాను కాదురా! నాను కాదు!" అని అసలు నూకరాజు అరుస్తున్నాడు.

"నీ గొంతే కదన్నా!" అని జట్లు తిరిగి అరుస్తున్నాయి.

కళ్ళు మూసుకున్న నాకు ఒళ్ళు పులకరించింది. ఐదో మూల నుంచి కూడా గొంతు వస్తోందని మురిసిపోయాను. ఆ ఐదోది నా చొక్కా కాలర్ పట్టుకున్నాక గానీ కళ్ళు తెరవలేదు.

అప్పటికి వల ఒక పక్క ఒడ్డెక్కేసింది, రెండో పక్క ఇంకా నీళ్ళలోనే ఉంది. మిగిలింది ఒక పీత. ఖాళీ బుట్టలతో వెనక్కి తిరిగిన ఆడవాళ్ళని చూస్తే నాకు ఏడుపొచ్చింది. కొడతాడనుకున్నాను. నూకరాజు కాలర్ వదిలేసి నిట్టూర్చాడు.

"నీ పాట సేపలకి బాగా నచ్చినట్టుంది బావా. ఊరంతా సెప్పడానికి ఎల్లిపోనాయి."

మర్నాడు శిక్షగా నాకు తాడిచ్చాడు. "లాగండ్రా!" అన్నాడు. అందరూ లాగారు. నేను నిలబడిపోయాను.

"ఏటి బావా, లాగవేటి?"

"ఈ కేక నిజంగా నీదేనా బావా?"

పేటంతా పగలబడి నవ్వింది. ఆ రోజు వల నిండింది. నా అరచేతులు బొబ్బలెక్కాయి. మోకాలి లోతు ఉప్పునీళ్ళలో నిలబడి ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ మనిషి గొంతునూ నాలుగు చేయను, ముఖ్యంగా చేపలు వింటుండగా.