గొర్రె పన్ను చెప్పిన సాక్ష్యం

గున్వోర్ ఆపిల్ కొరికితే ఆ చప్పుడుకి ఫియోర్డు అనే సముద్రపు పాయ అవతలి ఒడ్డున మేస్తున్న గొర్రెలు తలెత్తి చూసేవని హార్డాంగర్ లోయలో చెప్పుకుంటారు. నమ్మకం లేనివాళ్లు వెళ్లి ఆ గొర్రెలనే అడగవచ్చు.

ముప్పయ్యొక్క ఏళ్లుగా ఆ లోయలో గ్రావెన్‌స్టైన్ రకం ఆపిళ్లు ఏ రోజు కోయాలో చెప్పేది ఆవిడే. సెప్టెంబరు రాగానే చుట్టుపక్కల తోటలవాళ్లంతా వచ్చి ఆవిడ ముందు నిలబడేవారు. ముందు పళ్లతో ఒక్క కొరుకు కొరికి, కళ్లు మూసుకుని, తలలో మోగిన చప్పుడు వినేది. “ఇంకా నాలుగు రోజులు” అందంటే నాలుగు రోజులే. కాయ పక్వాన్ని కొలిచే యంత్రం కొనుక్కున్న బ్రిన్యుల్ఫ్ కూడా, యంత్రం నిజం చెబుతోందో లేదో తేల్చుకోవడానికి ఆవిడ దగ్గరికే వచ్చేవాడు.

అంతటి నోటికి తగ్గ ఒళ్లూ ఉండేది. ఆవిడ ఫెర్రీ ఎక్కితే కెప్టెన్ రెండు కార్లను రెండోవైపుకి జరిపించేవాడట. నవ్వేవాళ్లతో పాటు ఆవిడా నవ్వేది. కానీ మోకాళ్లు మొరాయించాయి, చక్కెర జబ్బు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. యాభై ఆరో ఏట బెర్గెన్ ఆస్పత్రికి వెళ్లి, ఒళ్లు తగ్గే ఆపరేషన్‌తో పొట్టను కోడిగుడ్డంత సంచిగా కుట్టించుకుని వచ్చింది. ఏడాదిన్నరలో యాభై రెండు కిలోలు కరిగిపోయాయి. పాత స్వెటర్‌లో ఇప్పుడు ఆవిడ, మొగుడు షూర్, పిల్లి ముగ్గురూ పడతారు. పిల్లికి తోక చాపుకునే చోటు కూడా మిగులుతుంది.

అంతా బాగుందనుకుంటుండగా చల్లగాలి పీల్చినా ముందు పళ్లు జివ్వుమనడం మొదలైంది. అంచులు గాజులా పలచబడ్డాయి. జూన్‌లో ఒక పొద్దున్న కరకరలాడే రొట్టె కొరికితే పై పంటి మూల రాలి పళ్లెంలో టింగుమంది. కోతలకి మూడు నెలలే ఉంది. ఆపిల్ కొరకలేని గున్వోర్ మాట ఎవరు వింటారు?

“ఏం అత్తా, రాళ్లు గానీ కొరుకుతున్నావా?” అంది పళ్ల డాక్టరు సున్నివా. ఒకప్పుడు గున్వోర్ తోటలో రాలిన కాయలు ఏరిన పిల్ల, ఇప్పుడు ఆవిడ నోట్లో అద్దం పెట్టే స్థాయికి వచ్చింది.

“చక్కెర ముట్టి ఏడాదిన్నర అయింది. రోజుకి ఏడుసార్లు తోముతున్నా. ఏడుసార్లు! నా పళ్లు అరగడానికి వీల్లేదే.”

“వీల్లేకపోయినా అరిగాయి. పుచ్చు ఒక్కటీ లేదు, పై పొరని మాత్రం ఎవరో కడిగేసినట్టు పోయింది. వాంతులవుతున్నాయా?”

“మొదట్లో అయ్యేవి. ఇప్పుడు లేవు.”

“వాంతులైతే పంటి లోపలివైపు తినేస్తాయి. నీకు బయటివైపు పోయింది. అంటే దొంగ వీధి గుమ్మంలోంచే వచ్చాడు. ఎవడో నాకూ తెలుసుకోవాలనుంది. వారం రోజులు నోట్లోకి పోయే ప్రతిదీ గంటతో సహా రాసుకురా. గాలి ఒక్కటీ వదిలెయ్.”

గున్వోర్ రాసుకొచ్చింది. ఎనిమిదిన్నరకి మూడు చెంచాల జావ. తొమ్మిదికి రసం, బ్రష్షు. తొమ్మిదిన్నరకి రసం. పదికి రసం, బ్రష్షు. సున్నివా కాగితం మీద వేలు ఆనించింది.

“ఈ రసం ఏంటి?”

“మా రసమే. ఒకేసారి తాగలేం కదా, కొంచెం కొంచెంగా రోజంతా తాగమన్నారు ఆస్పత్రివాళ్లు.”

నీళ్లు తాగమన్నారు వాళ్లు. కానీ ఆపిల్ నేల మీద పుట్టినవాళ్లకి తాగడమంటే ఆపిల్ రసమే. దాంట్లోనూ గున్వోర్ అన్నిటికన్నా పుల్లటి కాయలు ఏరి పిండి, సగం నీళ్లు కలిపి, సీసా ఏప్రాన్ జేబులో వేసుకు తిరిగింది. పుల్లగా ఉంది కాబట్టి చక్కెర లేదనే అనుకుంది.

“చక్కెరా ఉంది, పులుపూ ఉంది,” అంది సున్నివా. “పులుపు తగిలితే పై పొర మెత్తబడుతుంది. ఉమ్మి దాన్ని మళ్లీ గట్టిపరచడానికి గంటైనా కావాలి. నువ్వేమో ఆ గంట ఇవ్వవు. మళ్లీ గుక్క, మళ్లీ బ్రష్షు. తడి ఆరని సున్నాన్ని చీపురుతో ఊడ్చినట్టు.”

“నా రసాన్నంటావా?” గున్వోర్ కుర్చీలోంచి లేచింది. “మా అత్తగారు అది తాగే తొంభై నాలుగేళ్లు బతికింది!”

“ఎన్ని పళ్లతో?”

గున్వోర్ కోటు తొడుక్కుంది.

ఆ మాట మాత్రం ఇంటిదాకా వెంటబడింది. కొండవాలున ఎప్పుడో చచ్చిన గొర్రె దవడ ఒకటి పడి ఉంటే, మర్నాడు దాని పళ్లు పీకి తెచ్చింది. వంటింటి కిటికీలో ఒక పన్ను నీళ్లలో, ఒకటి రసంలో పెట్టి, తన పళ్లలాగే వాటినీ తోమడం మొదలుపెట్టింది.

“గొర్రెకి కూడా ఆపరేషన్ చేయించావేంటే?” అన్నాడు షూర్.

“నోర్మూసుకుని ఆ బ్రష్షు ఇటివ్వు.”

పది రోజులకి నీళ్లలో పన్ను అలాగే మెరుస్తోంది. రసంలోది సుద్దముక్కలా తయారైంది, గోటితో గీకితే పొడి రాలింది. గున్వోర్‌కి కోపం రావాల్సింది పోయి ఆరాటం పట్టుకుంది. రసంలో పెట్టి తోమనిదైతే? రసం నుంచి తీసి గంటసేపు నీళ్లలో ఉంచినదైతే? కిటికీలో గ్లాసులు పదకొండయ్యాయి. ఉత్తరాలు తెచ్చే మనిషి ఏ పన్ను ఎంతవరకు కరిగిందో చూడనిదే కదిలేవాడు కాదు. మిగతా ఊళ్లో ఆ నెల ఉత్తరాలన్నీ ఆలస్యమయ్యాయంటారు.

నెల తిరిగాక రెండు గొర్రె పళ్లు రుమాల్లో మూటగట్టి సున్నివా బల్ల మీద పెట్టింది.

“నువ్వన్నదే నిజం. ఇప్పుడేం చేయమంటావో చెప్పు.”

సున్నివా ఆ పళ్లను భూతద్దంలో చూసి చాలాసేపు నవ్వింది. సీసాలో ఇకనుంచి నీళ్లే అంది. రసం కావాలంటే భోజనంతో ఒక చిన్న గ్లాసు, ఆపైన ఒక చీజ్ ముక్క. బ్రష్షు రెండే పూటలు, అదీ తిన్న గంట తర్వాత. ఎప్పుడైనా వాంతైతే నీళ్లతో పుక్కిలించి ఊరుకోవాలి, బ్రష్షు జోలికి పోకూడదు. ఫ్లోరైడు ఎక్కువున్న పేస్టు రాసిచ్చింది, ఆస్పత్రి ఇచ్చిన కాల్షియం, విటమిన్ మాత్రలు ఎగ్గొట్టొద్దని వేలు చూపించింది, మూడు నెలలకోసారి రమ్మంది. విరిగిన మూలకి అతుకు వేశాక గొంతు తగ్గించింది.

“అత్తా, ముందు పళ్లతో ఆపిల్ మాత్రం ఇక కొరకొద్దు. అతుకుతో పాటు పన్నూ పోతుంది.”

గున్వోర్ గొర్రె పళ్లను మళ్లీ రుమాల్లో మూటగట్టుకుంది.

సెప్టెంబరు వచ్చింది. ఆరుగురు తోటలవాళ్లు చెట్ల మధ్య నిలబడ్డారు. బ్రిన్యుల్ఫ్ చేతిలో యంత్రం, ముఖాన నవ్వు.

“యంత్రం రేపంటోంది. నువ్వేమంటావ్? పళ్లతో పాటు మాట కూడా అరిగిందా?”

గున్వోర్ చాకుతో ఆపిల్ కోసి, ముక్కని దవడ పళ్ల మధ్య పెట్టి కొరికింది. నొప్పి లేదు. చప్పుడు వచ్చింది గానీ ఎప్పుడూ వినే చప్పుడు కాదు. గోడ అవతల ఎవరో తలుపు తట్టినట్టు మొద్దుగా ఉంది. కళ్లు మూసుకుని వింది. ముప్పయ్యొక్క ఏళ్ల చెవికి ఒక్క ముక్కా అంతుపట్టలేదు.

“తెలియట్లేదు,” అంది.

ఆ నోట ఆ మాట ఎవరూ విని ఎరగరు. ఆరుగురూ తమ బూట్లు చూసుకున్నారు. బ్రిన్యుల్ఫ్ ముఖాన నవ్వు కూడా దిగిపోయింది.

“దిగాలుగా నిలబడతారేం? ఇంకోటి ఇవ్వండి. ఎండవైపుది.”

కొరికింది, ఉమ్మింది, నీళ్లతో పుక్కిలించింది. నీడవైపుది అడిగింది. పై కొమ్మది, కింది కొమ్మది. కుడి దవడతో, ఎడమ దవడతో. తొమ్మిదో కాయకి కనుబొమ్మ కదిలింది. అదే కొమ్మది ఇంకొకటి అందుకుని, ఈసారి మరీ నెమ్మదిగా కొరికింది.

“యంత్రాన్ని ఇంటికి పంపు, బ్రిన్యుల్ఫ్. రేపు కాదు. శనివారం.”

“ఖాయమేనా?”

“నూటికి అరవై పాళ్లు. మిగతా నలభై శనివారం పొద్దున్న మళ్లీ కొరికి చెప్తా.”